ఆధారాల పట్టిక

మోర్వెల్‌లో తెల్లారకముందే
నైట్ డ్యూటీ దిగి ఇంటికొస్తాను.
కారు అద్దం మీద మంచు గీకడానికి
గడువు తీరిన లైబ్రరీ కార్డొకటి ఉంది.
బూట్లు గుమ్మం బయట, యూనిఫాం బకెట్లో,
నలభై తొమ్మిదేళ్ల నేను వంటింటి బల్ల దగ్గర.
లాప్‌టాప్ తెరిస్తే
మూడో మాడ్యూల్, రెండో వీడియో.
నిన్న నేను నిద్రలోకి జారిన చోటే ఆగి ఉంది
ప్రొఫెసర్ నోరు, సగం తెరుచుకుని.

ఇంధన విధానం, సుస్థిరత.
పేరు వినగానే మా అక్క ఫోన్లో నవ్వింది:
"గ్యాస్ బండ ఎప్పుడు అయిపోతుందో
ఏనాడూ చెప్పలేకపోయావు,
నీకెందుకే దేశాల ఇంధనం?"

నిజమే.
ఒక్కో మాటనీ రాత్రంతా
తెలుగులో నానబెట్టుకుంటేగానీ మింగుడుపడదు నాకు.
టారిఫ్ అంటే
బిల్లు వెనక నిలబడి పిలిస్తే పలకని మనిషి.
బేస్‌లోడ్ దగ్గర మాత్రం నిఘంటువు అక్కర్లేకపోయింది.
ఊరు నిద్రపోయినా ఆరకూడని పొయ్యి,
అడిగేవాళ్లు లేకున్నా కాలుతూ ఉండాల్సింది.
పదకొండేళ్లుగా
నేను చేస్తున్న ఉద్యోగమే అది.

రాత్రి రెండింటికి పన్నెండో గదిలో
హెంక్ టెర్ప్‌స్ట్రా మేలుకునే ఉంటాడు.
ఎనభై ఆరేళ్లు.
అందులో ముప్ఫై ఒకటి
బొగ్గు తవ్వే యంత్రం మీదే కూర్చున్నాడు.
యంత్రం ఆగినా మోత చెవిలో ఆగలేదట.
దుప్పటి సర్దుతూ వ్యాసం ప్రశ్న చదివి వినిపించాను:
"మార్పు భారం ఎవరు మోస్తారు?
పదిహేను వందల మాటలు, ఆధారాలతో."

చాలాసేపు పైకప్పు వంక చూశాడు.
"ఆఖరి రోజున మాకు కేకు కోశారు.
కేకు మీద పొగగొట్టాలు, నల్ల ఐసింగ్‌తో.
నా ముక్కలో సగం గొట్టం వచ్చింది.
ఇంటికి పట్టుకెళ్తే మార్తా ముట్టలేదు.
ఇరవై ఏళ్లు దుప్పట్ల మీంచి దులిపాను దాన్ని,
ఇప్పుడు తినమంటావా, అంది."

నాకు పాల్వంచ గుర్తొచ్చింది.
పొద్దున ఆరేసిన తెల్ల చొక్కా
సాయంత్రానికి బూడిదరంగు.
మా అమ్మా దులిపేది. తిట్టేది కాదు.
ఆ బూడిదలోంచే మాకు జీతం రాలేది.
బొగ్గుని పాలతో కడిగినా తెల్లబడదంటారు,
కడిగిన చేతుల సంగతి ఎవరూ చెప్పరు.

వ్యాసంలో కేకు రాశాను.
మార్తాని రాశాను, సగం గొట్టాన్ని రాశాను.
మా అమ్మని రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.
తొమ్మిదో తరగతి మా అబ్బాయి
ఫుట్‌నోట్ పెట్టడం నేర్పుతూ విసుక్కున్నాడు.
వాడికి బూటు లేసు కట్టడం నేర్పినప్పుడు
నాకు ఇంతకంటే ఓపికుందనుకుంటా.
పేరు పెట్టమని తనే చెప్పాడు హెంక్,
ఒక్కో అక్షరం పలికి మరీ.
పేజీ అడుగున, చీమలంత అక్షరాల్లో:
హెంక్ టెర్ప్‌స్ట్రా, పన్నెండో గది,
సంభాషణ, తెల్లవారుజామున రెండూ పది.

వందకి అరవై నాలుగు వచ్చాయి.
పక్కన ట్యూటర్ రాసింది:
"బావుంది. కానీ ఒక్క మనిషి మాట ఆధారం కాదు.
లెక్కలు ఏవి?"

ఆ రాత్రి హెంక్‌కి చెప్పాను.
"అరవై నాలుగులో నా వాటా ఎంత?"
"సగం గొట్టమంత."
నవ్వాడు. నవ్వు దగ్గయింది.
ఆ దగ్గులో
ఇంకా ఎవరూ మూయని గని ఒకటుంది.
వీపు నిమిరి, ఆక్సిజన్ ట్యూబు సరిచేసి
పదమూడో గదికి వెళ్లాను.

వచ్చే వ్యాసం ఇళ్ల కప్పుల మీది సోలార్ గురించి.
మా కప్పు ఇంటి ఓనరుది,
కప్పు కింద బిల్లు మాది.
ఈసారి లెక్కలు చాలా ఉన్నాయి నా దగ్గర.

మధ్యాహ్నం కరెంటు చవకని చదివాక
బట్టలు అప్పుడే ఉతుకుతున్నాను,
సగం నిద్ర చెడగొట్టుకుని.
ఇవాళ తీగ మీంచి తెల్ల దుప్పటి తీస్తూ
అలవాటుగా రెండుసార్లు దులిపాను.
ఏమీ రాలలేదు.

దీనికి ఫుట్‌నోట్ ఎలా పెట్టాలో
మా అబ్బాయిని అడగాలి.